తువ్వాల కింది లెక్క

నా పేరు మీద మిగిలిన ఆఖరి జత గొర్రెల్ని అమ్మిన రోజు నేను కూడా సంతలో ఉన్నాను. ఉండాల్సిన పనేమీ లేదు. సూర్యాపేటలో గది కిరాయికి డబ్బులు అయిపోయి, అడగడానికి మోతె దగ్గరి మా ఊరికి వచ్చాను. ఫోన్లో అడగాలంటే సిగ్గేసింది. ఎదురుగా నిలబడి అడిగితే సిగ్గు తగ్గుతుందని ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

మా ఇంట్లో బిడ్డ పుడితే ఒక ఆడ గొర్రెపిల్లను ఆ బిడ్డ పేరు మీద మందలో విడుస్తారు. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అన్నీ ఆ బిడ్డవే. నావి ఒకప్పుడు పద్నాలుగు జతలు. కోదాడలో ఇంజనీరింగ్ ఫీజులకు కొన్ని పోయాయి, ల్యాప్‌టాప్‌కు కొన్ని, హైదరాబాద్‌లో కోర్సుకు కొన్ని. కోర్సు చెప్పినాయన మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అన్నాడు. ఏడాది దాటాక ఫోన్ ఎత్తడం మానేశాడు. నాకు ప్రోగ్రాములు రాయడం వచ్చు, ఎవరికి రాయాలో తెలియదు. ప్రతి కంపెనీ అనుభవం అడిగింది. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కడి నుంచి తెమ్మంటారో ఒక్కరూ చెప్పలేదు.

సంతలో బేరగాడు వచ్చి మా నాయిన చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పారు. దాని కింద వేళ్లు పట్టి నొక్కుతూ ధర మాట్లాడుకుంటారు. పక్కనున్నవాళ్లకు ముఖాలు తప్ప ఏమీ కనబడదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే గాని, ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది.

"ఎంతకిచ్చినవ్ నాయినా?"

"మంచిగనే అచ్చినయ్ తియ్."

"మంచిగ అంటే ఎంత? నా గొర్లే కద!"

"నలుగురిల ధర సెప్తరా బిడ్డా?" అంటూ నోట్లు మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇగ నీయి గొర్లు లెవ్వు. జర సూస్కొని ఖర్చు పెట్టు."

ఆ డబ్బు రెండు నెలలు వస్తుంది. ఆలోపు ఉద్యోగం దొరక్కపోతే గది ఖాళీ చేసి ఏదో బట్టల షాపులో చీరలు మడతపెట్టాలి. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాకు నాయిన మీద కోపమా, నా మీద కోపమా తేల్చుకోలేకపోయాను.

రెండో నెల సగం గడిచాక, నా గదిలోనే ఉండే కోదాడ అమ్మాయి ఒక కబురు తెచ్చింది. "మా బాబాయి మిర్యాలగూడలో రైసు మిల్లు గుమాస్తా. అక్కడ కంప్యూటర్ మనిషి కావాలంట, వెళ్తావా?" అంది. రైసు మిల్లా అని మూతి ముడిచి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

మిల్లు సేటు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ప్రింటర్ ఖరాబైతే బాగు చేస్తవా?"

"నేను ప్రోగ్రామర్నండి."

"అవునమ్మా, గందుకే అడుగుతున్న."

చేస్తానని తలూపాను. కాటా మీద తూచిన ధాన్యానికి గుమాస్తా చేత్తో రాసిచ్చే చీటీ ఇక కంప్యూటర్‌లో రావాలట. నెల రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటాడట. జీతం సంగతి అడిగితే, "సూద్దాం తియ్" అన్నాడు. ఉద్యోగం దొరికిందో లేదో అర్థం కాకుండానే పనిలో చేరిపోయాను.

గుమాస్తా బాబాయి నెమ్మదస్తుడు. ట్రాక్టర్ కాటా ఎక్కగానే గుప్పెడు వడ్లు తీసి, ఒక గింజ పంటి కింద వేసి కొరికేవాడు. తేమ, తాలు, మట్టి అన్నీ ఆ కొరుకుడులోనే తెలుస్తాయట. దాన్ని బట్టి క్వింటాలుకు ఇన్ని కిలోలని తరుగు తీసేస్తాడు.

"దీనికి రూలేంటి బాబాయ్?" అని అడిగాను.

"రూలేముంటుందమ్మా, ధాన్యాన్ని బట్టి ఉంటుంది."

ధాన్యాన్ని బట్టి అన్నదాన్ని ప్రోగ్రాంగా ఎలా రాయాలి? నాలుగు రోజులు ఆయన పక్కనే కూర్చుని ప్రతి బండికీ ఎంత తీశాడో రాసుకున్నాను. ఒకేలాంటి వడ్లకు ఒకరికి రెండు కిలోలు, ఇంకొకరికి మూడు. అడిగితే నవ్వేవాడు. చివరికి ఓడిపోయి కంప్యూటర్ తెర మీద ఒక ఖాళీ గడి పెట్టాను. ఆయన కొరికి చెప్పిన అంకె నేను అందులో కొడతాను, మిగతా లెక్క కంప్యూటర్ చేస్తుంది.

పాత చీటీ మీద రెండే ఉండేవి, చివరి బరువు, దానికి వచ్చే రూపాయలు. నేను ఇంకో మూడు లైన్లు చేర్చాను. బండితో బరువు, ఖాళీ బండి బరువు, తీసిన తరుగు. నన్నెవరూ చేర్చమనలేదు. లెక్కన్నాక అన్నీ కనబడాలి కదా అనుకున్నాను. సంతలో నాయిన కప్పిన తువ్వాల ఇంకా కళ్లలోనే ఉంది.

మొదటి చీటీ వాడపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఇచ్చాను. కౌలు రైతు. వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు.

"బిడ్డా, గీ తరుగు గింతనా?"

"అవును తాతా."

"కోస్తరని ఎర్కే గని, ఎంత కోస్తరో గిప్పుడే ఎర్కైంది." చీటీ పట్టుకుని వరసలో ఉన్న మిగతా ట్రాక్టర్ల దగ్గరికి వెళ్లాడు. కాసేపట్లో కాటా దగ్గర గుంపు చేరింది. అరుపులు మొదలయ్యాయి. సేటు బయటికి రావాల్సి వచ్చింది.

గుంపును ఎలాగో పంపించాక నా టేబులు దగ్గరికి వచ్చాడు. నేననుకున్నట్టు అరవలేదు.

"పచ్చి వడ్లు తెస్తరు. ఆరబోస్తె బరువు తగ్గదా? గా నష్టం ఎవరు మోయాలె? పాత చీటీల ఎన్ని లైన్లున్నయో గన్నే ఉండాలె. చేస్తవా, ఇంకొకలను చూసుకోనా?"

ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. పెద్దాయన అడిగినదాంట్లోనూ ఉంది. ఎవరిది ఎంత నిజమో తూచే కాటా నా దగ్గర లేదు. నా దగ్గరున్నది ఇంకో పది రోజుల ఖర్చు. "చేస్తానండి" అన్నాను.

ప్రోగ్రాంలో ఒక లైను ముందు రెండు గీతలు పెడితే కంప్యూటర్ దాన్ని చదవడం మానేస్తుంది. లైను మాత్రం అక్కడే ఉంటుంది. మూడు లైన్లకూ గీతలు పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. ఇన్నేళ్లు నేర్చుకున్న చదువులో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన పని ఇదే.

వారానికి ఆ పెద్దాయన మళ్లీ బండి తెచ్చాడు. చీటీ తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు.

"మొన్నటి లెక్క రాలేదేంది బిడ్డా?"

"మిషన్ మార్చిన్రు తాతా," అన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చీటీని మడిచి జేబులో పెట్టుకుని, "సరే తియ్, నువ్వేం చేస్తవ్" అని వెళ్లిపోయాడు. నేను అబద్ధమాడానని ఆయనకు తెలుసు.

నెల నిండగానే సేటు జీతం ఇచ్చాడు, రేపటి నుంచి కూడా రమ్మన్నాడు. ఆదివారం ఊరికి వెళ్లాను. వాకిట్లో నాయిన, ఇంకో నలుగురు గొర్ల కాపరులు కూర్చుని ఉన్నారు. నేను మిఠాయి డబ్బా తెరిచాను. ఒకాయన తింటూ అడిగాడు.

"ఎంతిస్తున్నరు బిడ్డా జీతం?"

అంకె నోటిదాకా వచ్చింది. "మంచిగనే ఇస్తున్నరు తియ్ కాకా," అన్నాను.

నాయిన నా వైపు చూసి మురిసిపోయాడు. "సదువుకున్నా గని తెలివి అచ్చింది నా బిడ్డకు," అన్నాడు అందరితో. నాకు ఏడుపొచ్చింది. నీళ్లు తెస్తానని ఇంట్లోకి వెళ్లాను.