క్రషర్ పక్కన ఫోను పరీక్ష

మొన్న మాచర్లలో రోడ్డు పనివాళ్ల కంకర మిషను హోరెత్తుతుంటే, ఫోను ఒక చెవికి ఆనించి రెండో చెవిని అరచేత్తో మూసుకున్నాను. ఆ హోరులో రాజరత్నం గారు గుర్తొచ్చారు. తెల్లచొక్కా నిండా రాతి దుమ్ముతో, సరిగ్గా అలాగే చెవి మూసుకుని నిలబడ్డ మనిషి.

ఎనభైల్లో అక్కడికి దగ్గర్లోని ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను టెలిఫోన్ ఆపరేటర్ని, ఆయన ఆఫీసు మేనేజరు. నేను లైన్లు కలిపే పాత బోర్డు తీసేసి కొత్త ఫోన్లు పెట్టించాలని యాజమాన్యం అనుకుంటే, మూడు కంపెనీలు కొటేషన్లు పంపాయి. అందులో ఒకదానికి ఆపరేటరే అక్కర్లేదు. ఎవరి నంబరు వాళ్లు నొక్కుకోవడమే. పెద్దవాళ్ల మనసు దానిమీదే ఉంది. నాకు అన్నం సయించలేదు. ఒకరోజు ఆగలేక అడిగేశాను.

“నన్ను తీసేస్తారా సార్?”

“తెలీదమ్మా. నీ కోసమని పనికిరానిది కొనలేను. ముందు మంచిదేందో చూడనీ.”

ఓదారుస్తారనుకున్నాను. ఆ మాటకు చానా కోపమొచ్చింది.

కంపెనీల వాళ్లను ఆయన ఆఫీసులో కూర్చోబెట్టలేదు. జీపెక్కించి క్వారీకి తీసుకెళ్లారు, నన్నూ రమ్మన్నారు. అక్కడిదాకా తీగ లాగించి, రాళ్లను కంకర చేసే క్రషర్ ఆడుతుండగానే ఒక్కో ఫోనూ చెవికి పెట్టుకుని చూశారు. ఆపరేటరు అక్కర్లేని ఫోనులోనే మాట అన్నిటికన్నా స్పష్టంగా వినిపించింది. ఇక నా ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. అప్పుడాయన రాళ్లు మోసే ఆదెమ్మను పిలిచారు.

“ఆదెమ్మా, ఇక్కడ ఎవరికో దెబ్బ తగిలిందనుకో. డాక్టరుకు ఫోన్ చెయ్యి.”

ఆమె రిసీవరెత్తి అంకెల వంక చూసింది. “నాకు అంకెలు రావు గదా సారూ. ఎత్తితే ఎవరూ పలకరా?”

“నేర్పిస్తే వస్తుంది సార్,” అన్నాడు కంపెనీ అతను.

“రక్తం కారుతున్నప్పుడు నేర్పిద్దామా?” అన్నారు రాజరత్నం గారు.

ఎత్తగానే ఆపరేటరు పలికే రకాన్నే కొనమని రాసిచ్చారు. ఆ ఆపరేటరమ్మాయి కోసమే ఇదంతా అని పైవాళ్లు ఆయన ముందే అన్నారు. ఆ నింద పడ్డారు గానీ మాట మార్చుకోలేదు. చివరికి అదే కొన్నారు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం బోర్డు మీద క్వారీ లైటు వెలిగింది. ఎత్తితే మాటల్లేవు, ఏడుపే. ఆదెమ్మ! ఆమె పెనిమిటి కాలు బండకింద పడింది. “లైన్లోనే ఉండు పిన్నీ,” అంటూ డాక్టరుకు చెప్పి, జీపు అక్కడికి చేరేదాకా ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాను. కాలు పోయింది. మనిషి దక్కాడు.

కబురు తెలిశాక రాజరత్నం గారు నా గదికి వచ్చారు. మెచ్చుకోలేదు. “ఏమన్నా తిన్నావా అమ్మా?” అని తన క్యారేజీ నా ముందు పెట్టారు. మూత కూడా ఆయనే తీశారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇవాళ్టికీ నేను ఫోనెత్తి హలో అనను. “చెప్పండి, వింటున్నా,” అంటాను. మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. కొత్త బోర్డు ముందు కూర్చున్న మొదటి రోజు ఆయన నేర్పిన మాట అది.

“హలో అంటే అవతలివాళ్లు కూడా హలో అంటారమ్మా. వినే మనిషి ఉందని ముందు వాళ్లకు తెలియనీ.”