ఉప్పుబెల్లం వాళ్ళు

మా చోడవరాన్ని మునిసిపాలిటీ చేస్తారట అని మొన్న మనవరాలు ఫోన్లో చూసి చెప్పింది. చేస్తే చేయనీండి గాని, ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది రోడ్లూ దీపాలూ కాదు, ఒక బెల్లం వ్యాపారి మొహం. ఈ వయసులో కూడా పళ్ళు పటపటలాడాయి. చచ్చినవాడి మీద పగేమిటని మీరనవచ్చు. నా పగ నా ఇష్టం.

యాభైల్లో మా ఊరు బతికిందే బెల్లం మీద. చెరకు గానుగాడే రోజుల్లో రోలుగుంట వైపునుంచీ చీడికాడ వైపునుంచీ వచ్చే బళ్ళన్నీ ఆ వ్యాపారి కొట్టు ముందే ఆగాలి, ఎందుకంటే ఎడ్లకు నీళ్ళతొట్టి ఉన్నది అక్కడే. వాడు బెల్లం దిమ్మ అంచు విరిచి, ముక్క నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఏ రకమో, ఎవరి పెనందో చెప్పేవాడు. ఆ మాటకు ఊళ్ళో ఎదురులేదు. మా ఇంట్లో పాకం చూసేది అమ్మ. మిగతా చోట్ల అది మగవాళ్ళ పనే గాని, మా అమ్మ చన్నీళ్ళలో వేళ్ళు ముంచి, ఉడికే పాకంలోంచి చిటికెడు లాగి ఉండ చేసి చూసి, దింపమనేదాకా నాన్న పెనం మీద చెయ్యి వేసేవాడు కాదు.

పంచాయతీ ఎన్నికల్లో నాన్న ఆ వ్యాపారి బావమరిది మీద నిలబడి గెలిచాడు. అంతే. తర్వాతి సంతనాడు, జనమంతా చూస్తుండగా, వాడు అమ్మ వండిన బెల్లం నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మేసి, "ఏటిది బాబూ, ఉప్పు తగుల్తంది, ఎనక్కి తోలుకుపో" అన్నాడు. నాన్న ఎడ్లను మళ్ళించి, అప్పట్నుంచి ఎండనకా మంచనకా బెల్లం బండిని అనకాపల్లి మార్కెట్టుకు తోలుకుపోయేవాడు. ఆ సాయంత్రానికే మేము ఊరందరికీ ఉప్పుబెల్లం వాళ్ళమయ్యాం, పెళ్ళిపిలుపుల్లో కూడా అదే పేరు. అమ్మ ఆ దిమ్మల్ని వాకిట్లో వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటీ విరిచి రుచి చూస్తూ కూర్చుంది. అది చూసి, వాడి కొట్టుకు తాళం వేయించకపోతే నేను ఆవిడ కొడుకునే కాదనుకున్నాను.

రెండేళ్ళకు పంచాయతీ ఆఫీసులో గుమస్తానయ్యాను. బళ్ళు నిలపడానికి మంచి స్థలం చూసి రాయమని నాకే పురమాయించారు. ఊరికి అటు చివర, వ్యాపారి కొట్టుకు ఎంత దూరమైతే అంత దూరాన, ఒక మెరక నేల చూశాను. బురద కాదనీ, పక్కనే బావి ఉందనీ, రెండు దారులూ అక్కడే కలుస్తాయనీ రాశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. సభ్యులు తలలూపారు, తొట్లు కట్టారు, బళ్ళు అటు మళ్ళాయి, వాటి వెనకే కొత్త కొట్లు లేచాయి. రెండు సీజన్లు తిరగకుండా వాడు అరుగు మీద ఒక్కడే ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, పనున్నా లేకపోయినా రోజుకు రెండుసార్లు ఆ దారినే సైకిలు గంట కొట్టుకుంటూ పోయేవాణ్ణి. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో! పామూ చచ్చింది, కర్రా విరగలేదు.

వాడు కొట్టు మూసిన రోజున పరుగున ఇంటికి పోయి, మూయించింది నేనేనని అమ్మకు చెప్పాను. పెనం తోముకుంటున్న మనిషి చెయ్యి ఆపింది.

"ఎంత పని సేసేవురా! కొత్తోళ్ళు తక్కెట్లో ఏస్తన్నారు గాని నోట్లో ఏసుకుంతన్నారేటి? ఆడు అబద్ధమాడేడు గాని, నా బెల్లం ఏటో ఆడికి తెలుసురా. ఎప్పటికైనా ఆడి నోటితోనే నిజం సెప్పించాలనుకున్నాను."

మా ఇంటికి ఆ పేరు తీసెయ్యగల నోరు ఊళ్ళో ఒక్కటే ఉండేది. దాన్ని నేనే మూయించాను.

ఇప్పుడు బెల్లం అట్టపెట్టెల్లో వస్తోంది, రంగు చూసి కొనుక్కుంటున్నాం. వాడి మీద నా కసి ఈనాటికీ చల్లారలేదు. కాని ముక్క నోట్లో వేసుకుని ఇది ఫలానావారి పెనందని చెప్పగల మనిషి మా ఊళ్ళో మరి పుట్టలేదు. అమ్మ మాత్రం ఓపిక ఉన్నన్నాళ్ళూ ప్రతి బెల్లం వంటకీ మొదటి ముక్క తానే కొరికి చూసుకుని, ఎలా ఉందో ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయేది.