రెండు పందుల అబ్సలమ్

పన్నెండేళ్ళ కిందట ఓర్ఫా స్టిడమ్‌ని తొలి కాపురస్తుల వారసుల సంఘం వాళ్ళు భోజనం ముందు నుంచి లేపేశారు. పళ్ళెంలో వేయించిన కోడి తొడ ఇంకా కొరకనైనా లేదు. సంఘం అధ్యక్షురాలు ట్రూస్‌డెల్ దొరసాని మైకు పట్టుకుని, "ఓర్ఫమ్మా, కెప్టెన్ అబ్సలమ్ గోఫోర్త్ పెళ్ళే చేసుకోలేదు. నువ్వు ఆయన వంశమెలా అయ్యావో దేవుడికే తెలియాలి," అంది. రెండు వందల మంది నవ్వారు. పాస్టరుగారు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. చదువుకున్నవాడు గదా.

ఓర్ఫా చేసిన తప్పు మా కెంటకీ కొండల్లో అందరూ చేసేదే. పాత కాగితాల్లో ఒకే పేరుతో ఇద్దరు కనబడితే, గుర్రమెక్కినవాడే మన తాత. బురదలో నడిచినవాడు ఎదురింటివాడి తాత.

బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు చిక్కుడు గింజలు ఉడికించిన మనిషి ఆవిడ. సంఘం వాళ్ళు కోర్టు ముందు ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. 1796కి ముందే ఈ కౌంటీలో ఉన్నట్టు రుజువైనవాళ్ళ పేర్లు దానిమీద చెక్కుతారు. అందులో తన అసలు తాత, కెప్టెన్ కాని ఆ రెండో అబ్సలమ్ పేరుండాలి. ఆవిడకి కావలసింది అంతే. ప్రతి గురువారం గిన్నెలు కడిగేసి కోర్టు కింది గదిలోకి దిగేది. ఆ గది తుడిచే పని నాది. పాత చేతిరాత చదవడం నాకక్కడే వచ్చింది.

పన్ను జాబితాల్లో కెప్టెనే. భూమి పత్రాల్లో కెప్టెనే. మన అబ్సలమ్‌కి నేల లేదు, కాబట్టి కాగితమూ లేదు.

"అత్తా, ఏమీ లేనివాడి పేరు ఎవరు రాస్తారు?" అన్నాను.

"తప్పు చేస్తే రాస్తార్రా," అంటూ తీర్పుల పుస్తకం ముందుకు లాక్కుంది.

పోయిన వసంతంలో దొరికాడు. 1794 సెప్టెంబరు నాటి తీర్పు. అప్పట్లో పందులన్నీ అడవిలోనే మేసేవి, ఏది ఎవరిదో చెవి గాటే చెప్పాలి. అబ్సలమ్ పొరుగువాడి పందులు రెండింటి చెవులు కోసి, తన గాటు పెట్టుకున్నాడట. ఇరవై ఐదు కొరడా దెబ్బలు. సాక్షి ఎవరో కాదు, సొంత కొడుకు హెజకయా, వయసు పద్నాలుగు. ఓర్ఫా ఇంటి బైబిల్లో వంశం పేర్లు రాసుకునే పేజీలో మొదటి పేరు ఆ హెజకయాదే.

"చూశావా, మా వంశంలో ఎవరికీ నోరాగదు," అని పగలబడి నవ్వింది.

ముద్ర వేయించిన నకలు సంఘానికి ఇచ్చింది. వారం తిరక్కుండానే దొరసాని ఓర్ఫా ఇంటి మెట్లెక్కింది. నేనక్కడే కాఫీ తాగుతున్నాను.

"రుజువు గట్టిదేనమ్మా. రాయి మీద 'పశుపోషకుడు' అని వేయిస్తాం. ఆ తీర్పు మాత్రం వెనక్కి తీసుకో. ఇదిగో, దాని బదులు ఆయన ఇక్కడ పశువులు పెంచేవాడని వేరే పత్రం, సంతకం పెడితే చాలు. పిల్లలు చూసే రాయి గదా!"

ఆ రాయి మీదికెక్కే మిగతా పేర్లు నాకు తెలుసు. ఇక్కడి ఆదివాసులు షానీల నేల కొండలతో సహా ఎత్తుకున్నవాళ్ళు. వాళ్ళకి పట్టాలిచ్చారు. రెండు పందులెత్తుకున్నవాడికి కొరడా.

ఓర్ఫా దొరసానికి కాఫీ పోసింది, చక్కెర వేసింది. సంతకం పెట్టలేదు.

శనివారంతో జాబితా మూసేస్తారు. శుక్రవారం కోర్టు మెట్ల మీద ఆవిడని చూశాను. మర్నాడు నేను ఫ్యాక్టరీ పనికి ఒహాయో వెళ్ళాలి.

"పెట్టెయ్యత్తా సంతకం. పన్నెండేళ్ళు తిరిగావు. పేరొస్తుంది గదా," అన్నాను.

"ఎవడి పేరురా? ఆ తీర్పు తీసేస్తే ఆయన ఈ కౌంటీలో అడుగే పెట్టలేదు. ఆయన వీపు చీలితే రాయి మీద వచ్చిన చోటది. పంది దొంగ అని చెక్కమను. చేతకాకపోతే ఖాళీగా వదిలెయ్యమను. ఆ ఖాళీ ఎవరిదని అడిగేవాళ్ళుంటే, నేను వచ్చి చెప్పుకుంటాను."