మావయ్య ఆపించిన ఎనిమిది రోజులు

మా మేనమామ పోయాడని మొన్న పొద్దున నందిగామ నుంచి మనిషి వచ్చి చెప్పాడు. నాన్న విని తల దించుకున్నాడు. పదేళ్ళుగా మా జగ్గయ్యపేట ఇంట్లో మావయ్య పేరు ఎత్తింది లేదు.

మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. మద్రాసులో ఒక కాన్సరు ఆసుపత్రిలో పనిచేసేవాడు. డాక్టరు కాదు. రోగుల మీదికి ఎక్స్‌రేలు పంపే పెద్ద యంత్రం ఉండేది, దాన్ని కొలవడం ఆయన పని. రోజూ రోగులు రాకముందే నీళ్ళతొట్టిలో ఛాంబర్ అనే చిటికెనవేలంత గొట్టం పెట్టేవాడు. అందులో ఉండేది గాలే. కిరణాలు తగిలితే ఆ గాలిలో రవ్వంత కరెంటు పుడుతుంది. మీటరు అదెంతో చూపిస్తే, దాన్నిబట్టి మనిషి ఒంట్లోకి ఎంత పోతుందో లెక్క కట్టేవాడు. గదిలో వేడి, గాలి ఒత్తిడి కూడా రాసుకునేవాడు. ఏదైనా మూడుసార్లు చూడాల్సిందే. సెలవులకి వచ్చినప్పుడు మాకు జ్వరం చూసినా మూడుసార్లే. "ఒకసారి చూస్తే అది చూపు, మూడుసార్లు చూస్తేనే కొలత" అనేవాడు.

అమ్మకి గర్భసంచిలో కాన్సరని తేలినప్పుడు ఆయన దగ్గరికే తీసుకెళ్ళాం. సగం వైద్యం అయ్యేసరికి రక్తం పోవడం తగ్గింది, నాలుగు ముద్దలు తింటోంది. అప్పుడొక పొద్దున మీటరు బాగా తక్కువ చూపించింది. యంత్రమే తగ్గిందో, ఛాంబర్ చెడిందో తెలియలేదు. యంత్రం తగ్గిందనుకుని కిరణాలు పెంచేసాక, తీరా అది బాగానే ఉంటే రోగుల పేగులు కాలిపోతాయి. సరిచూసుకోడానికి రెండో ఛాంబర్ లేదు. బొంబాయి నుంచి కొత్తది వచ్చేదాకా యంత్రం ఆపించాడు.

వారం తిరిగేసరికి అమ్మకి మళ్ళీ రక్తం మొదలైంది.

"తమ్ముడూ, నా ఒక్కదానికి పెట్టించరా. ఎంత పడితే అంత పడనీ" అంది.

"ఎంతో తెలీకుండా నీ మీద ఎలా వెయ్యమంటావక్కా?"

నాన్న ఆయన చేతులు పట్టుకున్నాడు. "కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా" అన్నాడు. మావయ్య ఏడ్చాడు. యంత్రం మాత్రం వెయ్యనివ్వలేదు.

ఎనిమిదో రోజు కొత్త ఛాంబర్ వచ్చింది. యంత్రం సరిగ్గానే ఉంది. పాతదాని వైరులో చెమ్మ చేరిందట. మిగతా వైద్యం చేసారు గానీ, ఏడాది తిరక్కుండా అమ్మ పోయింది. ఆ ఎనిమిది రోజులే చంపాయన్నాడు నాన్న. అవునో కాదో ఏ డాక్టరూ చెప్పలేదు. పదోరోజుకి మావయ్య వస్తే నాన్న గుమ్మం తొక్కనివ్వలేదు. మావయ్య అటునుంచటే వెనక్కి వెళ్ళిపోయాడు.

మావయ్య రిటైరై నందిగామ చేరాక, నాన్నకి చెప్పకుండా వెళ్ళి చూసొచ్చేదాన్ని. పోయినేడు ధైర్యం చేసి అడిగా.

"మళ్ళీ అలాగే అయితే ఆపుతావా మావయ్యా?"

"ఆపుతానమ్మా. అక్కతో పాటు ఇంకో ముప్ఫైమంది ఉన్నారు. వాళ్ళూ ఎవరికో అక్కలే" అన్నాడు. మళ్ళీ తనే, "అక్క అడిగిన మాట మాత్రం రోజూ వినబడుద్ది" అన్నాడు.

ఆ ముప్ఫైమందికి ఆయనెవరో కూడా తెలీదు. వాళ్ళ తరఫున, అమ్మ తరఫున, ఆయనకి దణ్ణం పెట్టుకుంటున్నా.

మొన్న నేను నందిగామ బయల్దేరితే నాన్న కూడా బస్టాండు దాకా వచ్చాడు. రెండు బస్సులు వదిలేసాం. మూడోది ఎక్కి పక్కన సీటు ఆపా.

"రా నాన్నా."

"నువ్వెళ్ళమ్మా" అన్నాడు.

బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూసా. నాన్న చెప్పులు విడిచి, మిట్టమధ్యాహ్నం ఎండలో, తారు మీద ఒట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు.