పెద్దకూరలో గోబీ ఆకులు

ఇల్లు కిరాయికిచ్చేటప్పుడు పటేలు ఒక్క మాటే అన్నాడు. "సారూ, కోడి వండుకోండ్రి, యాట వండుకోండ్రి. పెద్దకూర మాత్రం నా వాకిట్లకు రావద్దు."

నేను తలూపి ఊరుకుంటే సరిపోయేది. "మా ఇంట్ల అది ఎన్నడూ లేదు పటేలా" అని కూడా అన్నాను. పుంటికూర వేసి వండిన పెద్దకూరతోనే, ఆ ఎద్దు మాంసంతోనే, అమ్మ నన్ను పెంచింది. కానీ మెదక్‌లో బడిపంతులునయ్యాక ఆ సంగతి నా నోటివెంట రాలేదు. అప్పుడు నా భార్య కాన్పుకు పుట్టింటికి పోయి ఉంది; ఇంట్లో నేను, అమ్మ. పసిబిడ్డతో తిరిగి రావాల్సింది ఆ ఇంటికే. బడికి దగ్గర, వాకిట్లోనే బావి. అది పోతే అటువంటిది మళ్లీ దొరకదు.

ఆ చలికాలంలోనే ఒక కెన్యా పాదిరి మా ఇంట్లో దిగాడు. హైదరాబాదులో చదువుకుంటూ, మా చర్చి చూడడానికి వచ్చాడు. కొన్నాళ్లు అమ్మ చేతి వంట తిన్నాక, పోయే ముందు తానే మాకు వండిపెడతానన్నాడు. సరేనన్నాను. ఏం వండుతారని అడగలేదు. పటేలు పెట్టిన షరతూ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు. పెద్దకూర తినేవాళ్లను ఊరు ఎక్కడ నిలబెడుతుందో, నేను ఎక్కడి నుంచి వచ్చానో చెప్పాల్సి వస్తుంది.

మరునాడు పొద్దున ఆయన బజారు నుంచి వచ్చాడు. ఒక చేతిలో మోదుగాకుల్లో కట్టిన మాంసం. చంకలో, కూరగాయలామె పారేయబోయిన గోబీ ఆకులు. తమ దేశపు ఆకుకూరకు ఇవి చాలా దగ్గరగా ఉన్నాయని ఒకటే మురిసిపోతున్నాడు. మాంసం చూడగానే అది పెద్దకూరేనని తెలిసిపోయింది.

ఉప్పు, ఉల్లిగడ్డ వేసి మాంసాన్ని నీళ్లలో ఉడకబెట్టాడు. మెత్తబడితే గానీ మిగతా పని మొదలుకాదట. అది ఎంతకూ మెత్తబడదు. నేను కిటికీ మూశాను. ఊదు వేశాను. తలుపు సందులోంచి పటేలు అరుగు వైపు చూసి వచ్చాను, మళ్లీ వెళ్లి చూశాను.

అమ్మ దగ్గుతూ అంది: "ఎవల పీనుగ లేసిందిరా, గింత పొగ బెడుతున్నవ్?"

"మెల్లగ మాట్లాడమ్మా."

"మాట మెల్లగ జేస్త. ఉడికే కూరకు ఎవలు చెప్పాలె?"

ఆయన ఆకులను చుట్టగా చుట్టి దారాల్లా తరుగుతుంటే అమ్మ పక్కనే కూర్చుని చూసింది. కారం డబ్బా ముందుకు జరిపింది. ఆయన నవ్వి వద్దన్నాడు. "కారం లేంది కూరెట్లయితది?" అని నన్ను అడిగింది. మక్కపిండిని వేడినీళ్లలో పోసి గట్టిగా కెలుకుతుంటే మాత్రం ఆమె ముఖం విచ్చుకుంది. "గిది మన గట్కనే కదరా."

చివరికి ఉల్లిగడ్డ, టమాటాలు వేయించి, ఉడికిన మాంసం కలిపి, పైన ఆకులు చల్లాడు. వాటి పచ్చదనం పోకముందే దించాడు. అప్పుడే వాకిట్లో పటేలు గొంతు వినిపించింది.

"వాసన మస్తుగొస్తుంది. ఏం వండుతుండ్రు సారూ?"

నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను. "మా సుట్టం వాళ్ల దేశపు కూర వండుకుంటుండు పటేలా. మేం ముట్టం."

"మీరు ముట్టరని నాకెర్కనే. పరదేశి సుట్టమని ఈ ఒక్కపారి ఊకుంటున్న. ఆయన పోయినంక గిన్నెలు బయట తోమిచ్చుండ్రి."

పటేలు పోయి తన అరుగు మీద కూర్చున్నాడు. ఇల్లు నిలిచింది. నేను వెనక్కి తిరిగేసరికి అమ్మ నన్నే చూస్తోంది.

తమ దగ్గర అందరూ ఒక్క పళ్లెంలోనే తింటారని ఆయన పెద్ద తాంబాళం తెచ్చి వసారాలోనే పెట్టాడు. అక్కడ కూర్చుంటే పటేలుకు కనబడతాను. కడుపు నొస్తుందన్నాను. వంటలో ఏమైనా తప్పు జరిగిందా అని ఆయన కంగారుపడ్డాడు.

అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, గట్క ముద్దను కూరలో అద్దుకుంది. "నా కొడుకు గిదే తిని పెరిగిండని అయ్యగారికి చెప్పురా" అంది.

ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆయన నా వైపు చూశాడు. "చాలా రుచిగా ఉందంటోంది" అని చెప్పాను. ఆయన సంతోషించి అమ్మకు ఇంకొంచెం వడ్డించాడు.

బిడ్డతో నా భార్య వచ్చాక, అమ్మ అల్లాదుర్గ్‌లో అక్క దగ్గరికి పోయింది. తీసుకురావడానికి వెళ్తే, "నీ ఇంట్ల నేనేం తినొచ్చో చెప్పు, వస్త" అంది. అక్క ఇచ్చిన చాయ్ తాగి, ఒక్కడినే బస్సెక్కాను.