మంచు రోడ్డు

నిన్న మా అబ్బాయి ఫోన్‌లో కార్ల ఆట ఆడుతూ, కొత్త రోడ్డు తెరవాలంటే డబ్బు కట్టాలట, కొనివ్వమన్నాడు. ఆ మంచు రోడ్డు బొమ్మ చూడగానే మా అక్క గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మేము ఇస్నాపూర్‌లో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్లం. బాపు పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటర్ ఒకటి మా ఇంటికొచ్చింది. అందులో కార్ల ఆట ఉండేది. మంచు రోడ్డు మీద నడపాలంటే మాత్రం వేరే సీడీ కొనాలి.

ఆ ఎండాకాలం అక్కకు జ్వరం పట్టుకుని వదల్లేదు. నుదుటి మీద తడిగుడ్డతో పడుకుని, "గా మంచు రోడ్డు మీదికి పోతే సల్లగ ఉంటదే చెల్లె," అనేది.

అది విని బాపు, "తెస్త బిడ్డా, నువ్వు జెర జావ తాగు," అన్నాడు.

ఆయన పట్నం పోయి సీడీ తెచ్చిన రోజే అక్కను ఆస్పత్రిలో చేర్చారు. అక్క మళ్లీ ఇంటికి రాలేదు.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వచ్చి సీడీ నా చేతికిచ్చాడు. నేను పెట్టగానే తెరంతా తెల్లగా మంచు పరుచుకుంది. ఎన్నడూ కంప్యూటర్ ముట్టని బాపు నా పక్కన కూర్చుని, "ఏది నొక్కాలె బిడ్డా?" అని అడిగాడు. ఆయనకూ ఆట మీద మనసు పుట్టిందని సంబరపడ్డాను. కారు మంచుకుప్పలకు గుద్దుకుంటుంటే నవ్వాను.

"జల్దీ పోనియ్ బాపు!"

"వద్దు బిడ్డా. మెల్లగ పోదాం, అంత సూడాలె."

ఆయన ఆడటానికి కూర్చోలేదని, కూతురు చూడాలనుకున్న చోటు చూసి రావడానికి కూర్చున్నాడని నేను తల్లినయ్యాక తెలిసింది.