పడిన మైకే కావాలంది

నా చిన్నప్పుడు భావనపాడులో మా సంఘమంతా కలిసి పక్కింటి అక్క గొంతు కోసం ప్రార్థన చేసిన రోజులున్నాయి. చర్చిలో పాటలకు ఆవిడే ముందు. పాత మైకు మాటిమాటికీ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా అరిచి పాడి, గొంతులో కాయ తెచ్చుకుంది. మళ్లీ అలా అరిస్తే గొంతు తిరిగి రాదని శ్రీకాకుళం డాక్టరు తేల్చేశాడు. మట్టల ఆదివారం ఊరేగింపు దగ్గరపడుతోంది. అక్క లేకపోతే పాడాల్సింది కీబోర్డు వాయించే మా మావ. ఆయన పాట విన్నవాళ్లం కనుక ప్రార్థన గట్టిగానే చేశాం.

కొత్త మైకు కోసం టెక్కలి వెళ్తూ అక్కా మావా నన్నూ తీసుకెళ్లారు. దుకాణంలో మావ ఒక మెరిసే మైకు పట్టుకుని, ఊపిరి కూడా వినిపిస్తోందని మురిసిపోయాడు. నిజమే, ఊపిరితో పాటు ఫ్యాను, వీధిలో ఆటోలు, పక్క కొట్లో బేరం కూడా వినిపించాయి. అక్క ఇంకోటి తీసింది. డైనమిక్ మైకట, నల్లగా, బరువుగా ఉంది. పెదాలకు దగ్గరగా పెట్టి మెల్లగా పాడితే ఆవిడ గొంతు తప్ప మరేమీ రాలేదు. స్పీకరు దగ్గరికెళ్తే మెరిసేది కీచుమని కూసింది, ఇది కూయలేదు. అప్పుడు అక్క చెయ్యి చాపి దాన్ని గచ్చు మీదికి వదిలేసింది.

దుకాణదారు ముఖం చూస్తే పడింది ఆయన కొడుకేమో అనిపించింది.

"అదేటమ్మా, కొన్నాక పడేసుకో."

"కొన్నాక పడేస్తే ఏటి లాభం? ఇప్పుడైతే తెలస్తాది," అని అక్క దాన్ని తీసి మళ్లీ పాడింది. మైకు మూతి మీది జాలీ సొట్టపోయింది, గొంతు అలాగే ఉంది. ఆయన పెట్టెలోంచి కొత్తది తీయబోయాడు.

"ఇదే ఇయ్యి బాబు. అది ఇంకా పడనేదు కదా."

ఊరేగింపు రోజు పొద్దున్న స్పీకరు కట్టిన ఆటో ముందు నడిచింది. దాని వెనక వైరున్న మైకుతో అక్క, అక్క వెనక మట్టలు పట్టుకుని మేము. మలుపు దగ్గర ఆటోవాడు భక్తి ఎక్కువై వేగం పెంచాడు. వైరు బిగిసి, మైకు అక్క చేతిలోంచి ఎగిరి రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. చరణం సగంలో తెగింది. మట్టలన్నీ గాలిలో ఆగిపోయాయి. అందరం అక్క మెడనే చూస్తున్నాం. అరుస్తుందేమో, ఆ గొంతు ఇక అంతేనేమో అని. మావ నోరు తెరిచాడు. అది రెండో ప్రమాదం.

అక్క చెయ్యెత్తి అందరినీ ఆపింది. "ఉండండర్రా," అని పెదవి కదిపిందంతే. ఆటో ఆగేదాకా నిలబడి, నడిచి వెళ్లి మైకు తీసి, కొంగుతో దుమ్ము తుడిచింది. తెగిన మాట దగ్గరే, అంతే మెల్లగా అందుకుంది. మైకు పలికింది. చర్చి గుమ్మం దాకా ఆ గొంతు పెరగలేదు, తగ్గలేదు.

ఇప్పుడు ఆ పాటలు నేను పాడుతున్నాను. అక్క ముందు వరసలో కూర్చుని, నా శ్రుతి తప్పినప్పుడల్లా కళ్లజోడు సర్దుకుంటుంది. పాట మధ్యలో కరెంటు పోతే అరిచి పాడాలనిపిస్తుంది, ఆ మాట దాచను. అయినా అరవను. నోరు మూసుకుని, ఆగిన మాటను గుర్తుపెట్టుకుని నిలబడతాను.